గాలి చొరని లారీ

చాట్రాయి
ఈస్టరు వెళ్లిన మంగళవారం, 1949

మరిది సలోమోనుకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగడం మర్యాద గనక అడిగాననుకో. మీ అన్న పోయిన తర్వాత నీ దగ్గర్నించి ఈ ఊరికి వచ్చింది ఒకే ఒక్క ఉత్తరం. అదీ పాస్టరుగారికి, లారీ నీకు ఇప్పించమని. అందుచేత నీకు రాయాలని నాకేమీ ఉబలాటం లేదు. "వాణ్ణి అడగవే, వాడికి తెలుసు" అని అత్తయ్య ప్రాణం తీస్తుంటే కలం పట్టాను.

శనివారం డ్రైవరు రాములు టాంకీలో డీజిలు చూసుకోకుండా బండి తోలాడు. ముసునూరు దగ్గర నూనె అయిపోయి ఆగింది. డబ్బాలతో తెచ్చి నిండా పోయించాం. అయినా ఉలుకూ పలుకూ లేదు. రాములు ఇన్నాళ్లూ తోలింది పెట్రోలు బస్సులు, ఈ ఇంజను సంగతి వాడికి తెలియదు. నూజివీడు నుంచి మేస్త్రీని పిలిపిస్తే ప్లగ్గుల కోసం కాసేపు వెతికి, ప్లగ్గుల్లేని ఇంజనేంటమ్మా అని నవ్వి పోయాడు.

పెద్దలు చర్చి అరుగు మీద కూర్చుని చెప్పిన తీర్మానం నువ్వూ విన్నావు. ఈ కాత అయ్యేదాకా బండి నా దగ్గరుంటుంది. సత్యనారాయణ గారి తోట మామిడికాయలు బెజవాడకు సరిగ్గా చేరిస్తే నాది, చేర్చలేకపోతే నీది. కాబట్టి బండి ఆగితే నీకు పండగేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఆ ఇంజను కడుపులో నూనె ఎట్లా నడుస్తుందో, ఎందుకు లేవడం లేదో రాయి. అబద్ధం రాస్తే దేవుడు చూసుకుంటాడు.

లేయా


బెజవాడ
22 ఏప్రిల్

వదినగారికి సలోమోను నమస్కారాలు.

డీజిలు బండికి ప్లగ్గులు వెతికినవాణ్ణి మేస్త్రీ అని పిలిచినందుకు మీ ఊరికి నా సానుభూతి. యుద్ధం సరుకు వేలంలో వంద బళ్ల మధ్య ఆ బండిని ఏరింది నేను. నా సెలవులన్నీ దాని కింద పడుకుని గడిపాను. అది ఇవాళ ముసునూరు రోడ్డు మీద నిలబడిందంటే ఎవరి నిర్వాకమో వేరే చెప్పనక్కర్లేదు.

వినండి. పెట్రోలు బండికి నిప్పురవ్వ కావాలి, దీనికి అక్కర్లేదు. పిస్టను గాలిని అణిచి అణిచి భగభగమనేలా చేస్తుంది. కాగిన ఆ గాలిలోకి నూనెను తుంపరగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చిమ్మడమే అసలు విద్య. టాంకీలోంచి చిన్న పంపు నూనెను పీల్చి ఫిల్టరుకు పంపుతుంది. ఫిల్టరులో ఉన్న గుడ్డ మడ్డినీ నలకనూ ఆపుతుంది. అక్కణ్ణించి పెద్ద పంపుకు పోతుంది. అది ఒక్కొక్క సిలిండరుకు ఎంత కావాలో అంతే, ఎప్పుడు కావాలో అప్పుడే, ఉక్కు గొట్టాల్లోంచి మహా బలంగా తోస్తుంది. ఆ బలానికి గొట్టం చివర ఇంజెక్టరులో ఉన్న సూది లేచి, నూనె మంచులాగా లోపల పడుతుంది. పడగా మిగిలిన బొట్లు సన్న గొట్టంలో వెనక్కి వస్తాయి.

ఇప్పుడు మీ రోగం. నూనెను నొక్కితే అణగదు, గాలిని నొక్కితే అణుగుతుంది. టాంకీ ఎండేదాకా తోలితే గొట్టాల్లోకి గాలి పోతుంది. ఇక పెద్ద పంపు ఎంత తోసినా ఆ బుడగ నొక్కుకుపోయి ఊరుకుంటుంది, సూది లేవదు. ఫిల్టరు నెత్తిన ఒక స్క్రూ ఉంది. దాన్ని వదులు చేసి, చిన్న పంపుకున్న మీటను చేత్తో కొట్టించండి. ముందు నురుగు వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని నూనె. అప్పుడు బిగించాలి. పెద్ద పంపు దగ్గర మళ్లీ అదే పని.

ఇంకోటి. చిన్న పంపు దాకా ఉన్న దారిలో పంపు పీలుస్తూ ఉంటుంది. అక్కడ సందు ఉంటే నూనె బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. చుక్క కారలేదు గదా అని మురిసిపోకండి. నూనె దారిలో గాలే శత్రువు. టాంకీ దగ్గర్నించి ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ మూసెయ్యండి.

అబద్ధం రాస్తే దేవుడు చూసుకుంటాడన్నారు. మనుషుల సంగతి ఎట్లా ఉన్నా ఇంజను విషయంలో నేను అబద్ధం చెప్పను. కాత ఆఖరున వచ్చి బండి తీసుకుపోతాను. అప్పటిదాకా దాన్ని ముక్కలు చెయ్యకుండా ఉంచితే చాలు. అమ్మను అడిగానని చెప్పండి.

సలోమోను


చాట్రాయి
మే నెల, మొదటి ఆదివారం

మరిది సలోమోనుకు,

నువ్వు రాసినట్టే చేశాం. రాములు స్క్రూ పట్టుకుంటే మీట నేనే కొట్టాను. నురుగు వచ్చింది, బుడగలు వచ్చాయి, చివరికి నూనె వచ్చింది. బండి లేచింది. థాంక్సు చెప్పమని అత్తయ్య అంటోంది. ఆవిడ తరఫున చెబుతున్నాను.

నీ ఉత్తరం ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. పంపులూ సూదులూ బుర్రకెక్కలేదు గాని, గాలే శత్రువన్న మాట దగ్గర మొహం ఇంతయింది. "ఆవకాయకైనా అంతేగదే, జాడీకి వాసెన సరిగ్గా కట్టకపోతే గాలి పోయి బూజు పట్టదూ" అంది. నా కొడుకు వంటింటి సంగతే ఇంజనుకు చెప్పాడని మురిసిపోయి, జాడీ మూతలకు పూసే మైనం పట్టుకుని లారీ చుట్టూ తిరిగింది. నేను అడ్డు చెప్పలేదు. ఆవిడకు బైబిలు వాక్యం తర్వాత నీ మాటే.

రేపు చిన్నరసాలు మొదటి లోడు ఎత్తుతున్నాం. కాత ఆఖరున వస్తానన్నావు. రా. చేతులూపుకుంటూ వచ్చి చేతులూపుకుంటూ పోదువుగాని.

లేయా


బెజవాడ
మే 9 (కార్డు)

వదినగారికి,

పొద్దున్నే దిగాల్సిన మీ లోడు మిట్టమధ్యాహ్నం దిగిందని మార్కెట్టులో చెప్పుకుంటున్నారు. కాయలు గంపల్లోనే ముగ్గాయట. నా లారీని కాస్త జాగ్రత్తగా తోలించండి.

సలోమోను


చాట్రాయి
మే 16

సలోమోనుకు,

నీ లారీ అని రాశావు. కార్డు మీద రాశావు, పోస్టుమేను దగ్గర్నించి ఊరంతా చదువుకుంది. సంతోషం.

ఇప్పుడు నేను రాసేది చదువు. లోడు ఎత్తిన ప్రతిసారీ బండి దారిలో ఆగుతోంది. దగ్గు రాదు, మోత రాదు, నీరసం వచ్చిన మనిషిలాగా మెల్లగా కూలబడుతుంది. రాములు దిగి టాంకీ మూత తీసి, పుల్ల ముంచి చూస్తాడు. నూనె ఉంటుంది. మూత పెట్టి, మీట కొట్టి స్టార్టు చేస్తే లేస్తుంది. కొంత దూరం పోయి మళ్లీ అదే భాగోతం. గొట్టాలన్నీ తడిమి చూశాం, ఎక్కడా తడి లేదు. ఫిల్టరు గుడ్డ విప్పి డీజిల్లోనే జాడించి పెట్టాం. అయినా అంతే.

వింత ఏంటంటే, టాంకీ నిండా పోసిన రోజున నూజివీడు చేరకముందే ఆగుతుంది. సగం పోసిన రోజున బాపులపాడు దాకా లాగుతుంది. కడుపునిండా పెడితే కదలని అల్లుణ్ణి చూశాను గాని ఇట్లాంటి బండిని చూడలేదు.

మీ అన్న తోలినన్నాళ్లూ ఇది ఎరగం. నీ ఉత్తరం వచ్చాకే మొదలైంది. సగం చెప్పి సగం దాచావని నా అనుమానం. అనుమానమేంటి, నమ్మకమే. చెయ్యి పట్టుకుని గోతి దాకా తీసుకుపోయి వదిలేసే రకానివి నువ్వు. నేను ఓడితే లారీ నీకొస్తుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

లేయా


బెజవాడ
మే 21

వదినగారికి,

నన్ను దొంగ అనండి, పడతాను. ఇంజను సంగతి తప్పు రాశానంటే పడను. నేను రాసిన ప్రతి అక్షరం నిజం. ఏ మెకానిక్కుకైనా చూపించుకోండి.

మీ ఉత్తరం చదివాను. ఇంత దూరాన్నించి ఇంక చెప్పేదేమీ లేదు. నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి కాను. బండి చేతకాకపోతే చేతకాలేదని పాస్టరుగారితో చెప్పండి, నేనొచ్చి తోలుకుపోతాను. తీర్మానంలో దాన్ని నేను నడిపించి మీకు అప్పజెప్పాలని ఎక్కడా లేదు.

సలోమోను


చాట్రాయి
జూన్ నెల

సలోమోనూ,

ఇది కోపంతో రాయడం లేదు. కోపం లేక కాదు, ప్రస్తుతం దాన్ని పక్కన పెట్టాను.

మొన్న లోడు బాపులపాడు అవతల ఎండలో నిలబడిపోయింది. ఈసారి నేనూ బండిలోనే ఉన్నాను, ఎస్తేరునూ వెంటపెట్టుకున్నాను. ఎన్నిసార్లు లేపినా కూలబడింది. పిల్లా నేనూ పక్క కాలవలో గోనెలు తడిపి గంపల మీద కప్పాం. బెజవాడలో గడ్డి తీసి చూస్తే రసాలు చెయ్యి తగిలితేనే చితికిపోతున్నాయి. కొనేవాళ్లు ముక్కు మూసుకుని పక్క బండికి పోయారు. మీ అన్న బిడ్డ, నీ కూతురిలాంటి పిల్ల, అందరి ముందూ ఆ గుజ్జు కడిగింది.

సత్యనారాయణ గారు మంచాయనే. "మీ ఆయన దేవసహాయం మొహం చూసి ఊరుకుంటున్నానమ్మా" అన్నారు. బంగినపల్లి ఆఖరు లోడు నాకే ఇస్తామన్నారు. అదీ ఆగితే వేరే బండి మాట్లాడుకుంటారు. దాంతో తీర్మానం ప్రకారం లారీ నీదైపోతుంది. లారీ పోతే నేనూ మీ అమ్మా ఎస్తేరూ కూలికి పోవాలి. కాత అయిపోయాక తోటల్లో ఆ కూలి కూడా ఉండదు. నీకు తెలియనిది కాదు.

నిన్ను తిట్టిన మాటలు వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను. బండికి ఏమైందో నీకు ఏ మాత్రం తట్టినా చెప్పు. అడుగుతున్నాను.

లేయా


బెజవాడ
జూన్ 11

వదినగారికి,

ఇది అమ్మకు చదవనక్కర్లేదు.

బండికేమైందో నాకు తెలుసు. టాంకీ నిండా పోసిన రోజే త్వరగా ఆగుతోందని మీరు రాసిన రోజే తెలిసింది. మైనం సంగతి అంతకుముందు ఉత్తరంలో మీరే రాశారు. రెండూ కలిపి చూసుకుని నవ్వుకున్నాను. ఇంజనుకు ఏ జబ్బూ లేదు. ఒక్క నిమిషం పని, పానా కూడా అక్కర్లేదు.

లారీ నా పేరుకు మార్చడానికి సమ్మతమని రాసి, సంతకం పెట్టి, పాస్టరుగారి చేత సాక్షి సంతకం పెట్టించి పంపండి. తిరుగు టపాలో ఆ పనేంటో రాస్తాను. ఆఖరు లోడు గౌరవంగా బెజవాడ చేరుతుంది, సత్యనారాయణ గారి దగ్గర మీ మాట దక్కుతుంది. అమ్మనీ ఎస్తేరునీ నేను చూసుకుంటాను. మీరు ఆ ఇంట్లోనే ఉంటానంటే మిమ్మల్నీ పొమ్మనను.

నన్ను రాక్షసుడంటారు, అనండి. ఆ బండి అన్న పేర రాయించింది నేనే, అన్న మీద ప్రేమ కొద్దీ. అన్న పోయాడు. నేను బోల్టు బోల్టూ బిగించిన ఇంజనును మీరు పచ్చడి జాడీలాగా చూస్తుంటే నాకు కడుపు మండుతోంది. నాకు కావాల్సింది ఆ బండి ఒక్కటే.

సలోమోను


చాట్రాయి
జూన్ ఆఖరు

సలోమోనుకు,

నువ్వు అమ్మజూపిన సమాచారం ఇంట్లోనే దొరికింది. నీ కవరు వచ్చేసరికి బంగినపల్లి లోడు ఎక్కడా ఆగకుండా పోయి, బెజవాడలో దిగి, బండి తిరిగొచ్చి పాకలో ఉంది. సత్యనారాయణ గారు పాస్టరుగారి దగ్గరికి తానే వెళ్లి ఆ సంగతి చెప్పారు. తీర్మానం ముగిసింది. లారీ నాది.

ఎట్లా తెలిసిందో కూడా రాస్తాను. లోడు ఎత్తే ముందురోజు ఆవకాయ కలుపుతున్నాం. కొత్త నువ్వులనూనె డబ్బాకు మేకుతో బొక్క కొట్టి వంచాను. గుటుక్కు గుటుక్కుమని నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. పక్కన ఆవపిండి జల్లిస్తున్న అత్తయ్య తలెత్తకుండానే, "ఇంకో మూల బొక్క పెట్టవే, లోపలికి గాలి పోందే నూనె బయటికెట్లా వస్తది" అంది. అనేసి, జల్లెడ చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నేనూ ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇద్దరం పిండి చేతులతోనే పాకలోకి పరుగెత్తాం.

టాంకీ మూత మీద కందిగింజ పట్టేంత రంధ్రం ఉంది. ఆవిడ దాన్ని మైనంతో నింపి, మూత కింద మైనపు గుడ్డ కూడా వేసింది. సందు కనిపిస్తే మూసెయ్యమన్నావు గదా. పంపు నూనె పీలుస్తోంది, ఖాళీ అయిన చోటికి గాలి పోయే దారి లేదు, ఇంక నూనె ఎక్కణ్ణించి వస్తుంది? రాములు మూత తీసినప్పుడల్లా బుస్సుమనేదట. ఎండకు ఆవిరేమో అనుకున్నాడు. నిండా పోసిన రోజున లోపల గాలి తక్కువ, అందుకే త్వరగా ఆగేది. పిన్నీసుతో మైనం తీసేశాను. నువ్వన్నట్టు ఒక్క నిమిషం పనే.

టాంకీకి ఊపిరి ఉండాలన్న ఒక్క ముక్క నువ్వు రాయలేదు. రాయడం మరిచిపోయావు. దానికి నిన్ను ఏమీ అనను, ఎవరైనా మరిచిపోతారు. తెలిశాక నోరు మూసుకుని కూర్చున్నావు చూడు, దానికి అంటాను. పిల్లా నేనూ గోనెలు తడుపుకుంటూ రోడ్డు మీద ఏడుస్తున్న రోజుకు నీకు తెలుసు. నేను బతిమాలుతూ రాసిన రోజుకు తెలుసు. ఇంజను విషయంలో అబద్ధం చెప్పనన్న పెద్దమనిషివి. నీ మొహం చూడాలంటే నాకు అసహ్యంగా ఉంది.

ఇది అమ్మకు చదవనక్కర్లేదన్నావు. ఈ ఇంట్లో నీ ఉత్తరాలన్నీ అత్తయ్యకు గట్టిగా చదివి వినిపించడమే అలవాటు. పోస్టుమేను కేక వినగానే ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. కవరు చింపి, ముందు చూసుకోకుండా చదివేశాను, ఆ మొదటి ముక్కే. ఆపాను. చదవమంది. వద్దన్నాను. "నా కొడుకు రాసింది నాకు దాచడానికి నువ్వెవతివే" అంది. చదివాను. నవ్వుకున్నాను అన్న చోట మాత్రం మళ్లీ చదవమంది.

ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదు. నీకు తానే రాస్తానంటోంది. ఇదే కవరులో పెడుతున్నాను.

లేయా


నాయనా సలోమోనూ,

రాసేది మీ వదిన, మాట నాది. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దని చెప్పి రాయిస్తన్నాను.

ఆ మైనం పెట్టింది నేను. ఎందుకు పెట్టానో తెలుసా? నువ్వు మూసెయ్యమన్నావని. నీ మాట విని బండి బాగుపడతదని, మోకాళ్ల నొప్పులతోనే ఆ టాంకీ ఎక్కి, గోరువెచ్చగా మైనం కరగబెట్టి, బొక్క కనపడకుండా పూశాను. బండి ఆగిన ప్రతిసారీ లేయా నిన్ను తిడతా ఉంటే నేను దానితో పోట్లాడాను. నా కొడుకు అట్లాంటోడు కాదని ఎన్ని మాటలన్నానో దాన్ని.

అప్పటికే నీకు తెలుసంట. అమ్మ చేసిన తప్పని కూడా తెలుసంట. అమ్మా అది తీసెయ్యి అని ఒక్క కార్డు రాస్తే తీసేదాన్ని గదరా. నన్ను తిట్టినా తీసేదాన్ని. నా చేత్తోనే నా కోడలి నోటికాడ కూడు పోతంటే చూస్తా కూర్చున్నావు.

క్రిస్మసుకు వస్తే రా. అన్నం వండి పెడతాను. నేను నీకు అమ్మను గాకుండా పోను. నీ ఉత్తరాలు వస్తే చదివించుకుంటాను కూడా. అయితే వాటిల్లో నువ్వు ఏ పని చెయ్యమన్నా, చెయ్యొచ్చో లేదో లేయాను అడిగి చేస్తాను.

మీ అమ్మ